గుమ్మంలో అడిగిన పేరు

మా ఇంటి మగవాళ్ళు గుమ్మంలో పేరు చెప్పరు. దగ్గుతారు.

తాత పొలం నుంచి వచ్చినా, గుంటూరు నుంచి వచ్చినా, వీధి తలుపు దగ్గర ఒక్కసారి గొంతు సవరించుకునేవాడు. లోపల గడియ తీసిన చప్పుడయ్యేది. "ఎవరది?" అన్న ప్రశ్న వచ్చేపోయేవాళ్ళకే కాని మాకు కాదు. ఒకసారి కొత్తగా చేరిన పాలేరు తెలియక లోపలి నుంచి "ఎవరూ?" అని కేకేశాడట. తాత బదులు చెప్పలేదు. అరుగు మీద కూర్చున్నాడు. నాయనమ్మ వచ్చి తలుపు తీసేదాకా ఎండలో అలాగే కూర్చున్నాడు. ఆ సంగతి నాన్న నాకు గర్వంగా చెప్పాడు. నేనూ గర్వంగానే విన్నాను.

నా దాకా వచ్చేసరికి పొలం పోయింది, పత్తి మిల్లు పోయింది, ఇల్లు పోయింది. దగ్గు మిగిలింది. ఒక టేకు ద్వారబంధం కూడా మిగిలింది. ఇల్లు కొన్నవాళ్ళు పడగొడుతున్నారని తెలిసి వెళ్ళాను. ఊరికే తీసుకుపొమ్మన్నారు. ఒప్పుకోలేదు, కొనుక్కునే తెచ్చుకున్నాను. గుంటూరులో కొరిటెపాడు వైపు మేము కట్టుకున్న రెండు గదుల డాబాకు అది వీధి వైపు పట్టలేదు. ముందు గదికీ వెనక గదికీ మధ్య పెట్టించాను. "వీధి గుమ్మం కంటే నడవ గుమ్మం గొప్పగా ఉంటదేమోనండీ" అని మేస్త్రీ నవ్వాడు. నేను నవ్వలేదు.

ఆ రెండు గదుల్లో రెండు కంప్యూటర్లు ఉండేవి. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. నేనూ నా భార్యా డీటీపీ పని చేసేవాళ్ళం. నిజానికి పని ఆమెది. తెలుగు టైపింగు, పేజీలు కట్టటం అన్నీ వెనక గదిలో ఆమె సిస్టమ్‌లోనే జరిగేవి. ముందు గదిలో తాత వాడిన బల్ల మీద నా సిస్టమ్, పక్కన లేజర్ ప్రింటరు. వచ్చినవాళ్ళతో మాట్లాడటం, ప్రూఫులు దిద్దటం నా వంతు.

ఒక వానాకాలంలో పిడుగు పడి ఆమె సిస్టమ్‌లో ప్రింటరు తగిలించే చోటు కాలిపోయింది. మిగతాదంతా బతికింది. అప్పుడే రెండింటికీ నెట్‌వర్క్ వేయించాం. ఆమె వెనక గదిలో ప్రింటు అంటే ముందు గదిలో కాగితం వచ్చేది.

నెట్‌వర్క్ వేసినతను మా వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే కొట్టు నడిపేవాడు. నెమ్మదైన మనిషి. శుక్రవారం మధ్యాహ్నం కొట్టు షట్టరు దించి నమాజుకు వెళ్ళేవాడు. తీగ లాగటానికి గోడకు కన్నం వేస్తే పెచ్చులు రాలుతాయని, నాతో చెప్పకుండా టేకు ద్వారబంధానికి డ్రిల్లు పెట్టాడు. నేను చూసేసరికి చిల్లు పడిపోయింది.

"మీ తాతముత్తాతలు ఇలాంటి గుమ్మం ఎప్పుడన్నా చూశారా?" అన్నాను.

అతను నా వంక ఒక్క క్షణం చూశాడు. మిగిలిన పని పూర్తి చేసి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మా ఇంటి ముందు నుంచి రోజూ పోతూనే ఉన్నా ఇటు తిరిగి చూసేవాడు కాదు. నేనూ పలకరించలేదు.

మరుసటి మార్చిలో మా పాత ఊరి రైతులు వచ్చారు. నలభై రెండు మంది ఒకే కంపెనీ విత్తనం తెచ్చి పత్తి వేశారు. మొక్క మనిషెత్తు పెరిగింది, కాయ పట్టలేదు. విత్తనం నకిలీదని కాగితాలున్నాయి. చూస్తాం, చేస్తాం అంటూ కంపెనీవాళ్ళు తిప్పీ తిప్పీ కాలం గడిపారు. వినియోగదారుల ఫోరంలో కేసు వేసే గడువు ఒక శుక్రవారం సాయంత్రం అయిదింటితో తీరిపోతుంది. ఆలోపల కాగితాలు అందకపోతే ఆ పంట గురించి అడిగే దారే ఉండదు.

వాళ్ళను తీసుకొచ్చింది మా తాత దగ్గర పెద్దపాలేరుగా చేసినాయన కొడుకు. అరవై దాటినవాడు. తర్వాత్తర్వాత సొంతంగా అయిదెకరాలు సంపాదించుకున్నాడు. నన్ను ఇంకా చినబాబూ అనే పిలిచేవాడు.

"గుంటూరులో టైపు కొట్లు చానా ఉన్నయ్ చినబాబూ. మన కాగితాలు మన ఇంట్లోనే కావాలని వీళ్ళకి చెప్పి తోలుకొచ్చా" అన్నాడు.

ఆ మాటకు నా వెన్ను ఇంకాస్త నిటారయింది.

నా భార్య వారం రోజులు టైపు చేసింది. నలభై రెండు మంది వాంగ్మూలాలు, కాయలేని చెట్ల ఫోటోలు, విత్తనం సంచుల బొమ్మలు. ఫ్లాపీల్లో పట్టే సరుకు కాదు. గురువారం సాయంత్రానికి అంతా అయింది. రైతుల తరఫు వకీలుగారు చివరి పేజీలో వేయాల్సిన నంబర్లు మాత్రం శుక్రవారం పొద్దున పంపుతానన్నారు. అదే రోజు దర్శిలో ఆమె అక్క కూతురికి ఓణీల ఫంక్షన్.

"నంబర్లు వచ్చిందాకా ఆగి, ప్రింటు తీసి మధ్యాహ్నం బస్సుకెళ్తానండీ" అంది పొద్దున్నే.

"నంబర్లు వేసి ప్రింటు తీయటం కూడా రాదా నాకు?"

"రాదనలేదు. సిస్టములు రోజూ నేనే కదా ఆన్ చేసేది, అని."

"స్విచ్చి వేయటానికి కూడా చదువు కావాలా?"

ఆమె అక్కావాళ్ళ పక్కింటి ఫోను నంబరు కేలండరు మీద రాసి, సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

పదిన్నరకు మా ఊరి పెద్దాయన నంబర్ల కాగితం తీసుకుని వచ్చాడు. వెంట అయిదుగురు రైతులు. ఎండ అప్పటికే మండుతోంది. మిరపకాయల లారీలు యార్డు వైపు పోతుంటే గాలిలో ఘాటు. మెట్ల మీద కూర్చున్నవాళ్ళలో ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉన్నారు.

నా కుర్చీలో కూర్చుని స్విచ్చి వేశాను. విండోస్ పైకి వచ్చేముందు తెర మధ్యలో చిన్న పెట్టె ఒకటి నిలబడింది. అందులో నా భార్య పేరు. దాని కింద పాస్‌వర్డ్ అని ఒక ఖాళీ గడి. పక్కన ఓకే, క్యాన్సిల్.

ఆ బల్ల మా తాతది. ఇల్లు నాది. సిస్టమ్ నాది. నువ్వు ఈవిడవేనా, కాకపోతే ఎవరు, అని అది నన్ను అడుగుతోంది. క్యాన్సిల్ నొక్కాను. పెట్టె మాయమై, రోజూ చూసే తెర వచ్చింది. చూశావా, అనుకున్నాను. వెనక గదిలోనూ అదే పెట్టె, అదే పేరు. అక్కడా అంతే చేశాను.

ఆమె ఫైలు తెరిచి నంబర్లు వేసి ప్రింటు నొక్కాను. ముందు గదిలో ప్రింటరు కదల్లేదు. ప్రింటరు అందటం లేదని తెర మీద కబురు వచ్చింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే కబురు. నెట్‌వర్క్‌లో ఉన్న సిస్టములన్నీ చూపించే బొమ్మ ఒకటి తెర మీద ఉండేది. అది తెరిస్తే ఆమె సిస్టమూ నాదీ ఇరుగుపొరుగు ఇళ్ళలా పక్కపక్కన కనిపించాలి. తెరిచాను. నెట్‌వర్క్ అందుబాటులో లేదంది. ముందు గదిలోకి వచ్చి తెరిచాను. అక్కడా అదే మాట.

రెండు తీగలూ వచ్చి కలిసే డబ్బా మీద పచ్చదీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఆ తీగలు పీకి మళ్ళీ గుచ్చాను. సిస్టములు ఆపి మళ్ళీ వేశాను. మళ్ళీ ఆ పెట్టె వచ్చింది. చూడకుండానే క్యాన్సిల్ నొక్కాను. ఎలుక కొరికిందేమోనని తీగ పొడుగునా వేళ్ళతో తడిమాను. ద్వారబంధం చిల్లులో నలిగిందేమోనని దీపం పెట్టి చూశాను. నాకు ఆ చిల్లు మీదే అనుమానం. అక్కడే ఉండాలనే కోరిక కూడా. ఈ తప్పు అక్కడ దొరికితే నేను ఆరోజు అన్న మాటకు ఒక న్యాయం దొరుకుతుంది. తీగ చెక్కుచెదరలేదు.

పన్నెండయింది. ఒంటి గంటయింది. ఎన్నిసార్లు ఆపి వేశానో లెక్కలేదు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. మా పేటకు ఆ వారం నాలుగింటి నుంచి ఆరింటి దాకా కరెంటు కోత. అంటే నాకున్నది అయిదింటి దాకా కాదు, నాలుగింటి దాకానే.

పెద్దాయన గుమ్మంలోంచి తొంగిచూశాడు. "ఏంది చినబాబూ, పలకట్లేదా?"

"పలుకుతుంది."

మెట్ల మీద నుంచి ఒకడన్నాడు. "మా బోరు మోటారూ ఇంతే. స్టార్టరు మీద ఒక్కటిస్తే దానబ్బలాగా తిరుగుద్ది."

"ఒరేయ్, అది నీ మోటారు కాదురా. కొడితే మన నలభై రెండు మందీ అందులోనే చస్తాం" అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు. కాసేపటికి నవ్వు ఆగింది. ఆ తర్వాత వినిపించింది నాకు వినపడాలని అన్న మాట కాదు, కాని వినపడింది.

"దొరల ఇల్లని తోలుకొచ్చాడీయన. బజార్లో ఏ కొట్లో ఇచ్చినా పొద్దున్నే చేతిలో పెట్టేవోడు."

"నోర్ముయ్ రా" అన్నాడు పెద్దాయన. కాని ఆయన గొంతులో జోరు లేదు.

లోపలికి వచ్చి మెల్లగా అన్నాడు. "చినబాబూ, ఆ కంప్యూటరు పెట్టె ఎత్తుకుని ఇంకో కొట్టుకి పోదామా? నెత్తిన పెట్టుకుని నేను తెస్తా."

వాళ్ళ నాన్న మా తాత ధాన్యం బస్తాలు మోశాడు. ఇప్పుడు ఆయన నా చేతగానితనాన్ని నెత్తిన పెట్టుకుని నడిబజారులో నా ముందు నడుస్తాడు.

"వద్దు!" అన్నాను. మెట్ల మీద వాళ్ళంతా తలెత్తి చూసేంత గట్టిగా అన్నాను. ఆ పెట్టెకు ప్రింటరు తగలదని, లోపలి డిస్కు ఇంకో కొట్లో పెట్టినా మా తెలుగు అక్షరాలు అక్కడ ఉండవని తర్వాత సర్దిచెప్పాను. అది నిజమే. కాని వద్దన్నది అందుకు కాదు.

పెద్దాయన బయటికి వెళ్ళాడు. రెండుంబావుకు తిరిగి వచ్చాడు. వెంట వీధి చివర కొట్టతను. నమాజు నుంచి అటే వచ్చినట్టున్నాడు, టోపీ ఇంకా తల మీదే ఉంది. చెప్పులు కింద మెట్టు మీద విడిచాడు. గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

"ఈయన రమ్మంటే వచ్చానండి. మీరు రమ్మంటే లోపలికి వస్తాను" అన్నాడు.

రా అనటానికి ఒక్క అక్షరం చాలు. నా నోట రాలేదు.

"తలుపు తీసే ఉంది" అన్నాను.

అతను పెద్దాయన వంక చూశాడు. పెద్దాయన చేతులు జోడించాడు, నాకు కాదు, అతనికి. అతను లోపలికి వచ్చాడు. ముందు గదిలో నా కుర్చీ వైపు రాబోతుంటే, "ఇది నేను చూస్తాను. నువ్వు వెనక చూడు" అన్నాను. అతను తల వంచుకుని టేకు గుమ్మం దాటి వెళ్ళాడు. ఆ చిల్లు వైపు చూడలేదు.

వెనక సిస్టమ్ ఆపి, వేసి, నల్ల తెర ఒకటి తెరిచి ఏదో కొట్టాడు. ఇక్కడి నుంచి పిలిస్తే అవతలి సిస్టమ్ పలుకుతోందో లేదో అది చెబుతుందట.

"తీగ బాగుందండి. పిలిస్తే మీది పలుకుతోంది" అని కేకేశాడు. "మనిషి ఉన్నాడు, ముఖం చూపించట్లేదంతే. ఇక్కడ లిస్టులో ఇదొక్కటే కనపడుతోంది, మీది రావట్లేదు."

"అంటే?"

"ఈ గదిలో తప్పు లేదండి. మీ దాంట్లోనే ఏదో ఉంది. ఒకసారి ఆపి వేయండి."

ఆపి వేశాను. పెట్టె వచ్చింది. క్యాన్సిల్ నొక్కాను.

"రాలేదండి" అన్నాడు వెనక నుంచి. కొంచెం ఆగి అడిగాడు. "సార్, సిస్టమ్ ఎక్కేటప్పుడు ఏమన్నా అడుగుతోందాండీ?"

మెట్ల మీద అయిదుగురూ వింటున్నారు. పెద్దాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నా భార్య పేరు అడుగుతోందని, నేను దాన్ని తోసేస్తున్నానని చెప్పాలి.

"ఏమీ అడగట్లేదు" అన్నాను.

ఆ అబద్ధం నలభై నిమిషాలు తినేసింది. అడగట్లేదంటే, పలుకుతున్నా నెట్‌వర్క్ కార్డే సరిగా పనిచేయటం లేదేమోనని అతను దారి మార్చాడు. కొట్టుకు పరుగెత్తి ఇంకో కార్డు తెచ్చాడు. ఈసారి నన్ను అడగకుండానే నా సిస్టమ్ మూత విప్పి అది బిగించాడు. కొత్త కార్డుకు కావాల్సినవన్నీ ఇంకా ఆ పెట్టె రాకముందే ఎక్కించి, మళ్ళీ మొదలుపెట్టాలని చెప్పి, వెనక తీగ చూడటానికి పరుగెత్తాడు. నేను కుర్చీలో కూర్చున్నాను. పెట్టె వచ్చింది. చెయ్యి దానంతటదే కదిలింది. ఈసారీ నా సిస్టమ్ కనపడలేదు.

మూడుంబావయింది. అతను చెమట తుడుచుకుంటూ ముందు గదిలోకి వచ్చాడు.

"ఇక ఒక్కటే ఉందండి. వెనకదాని హార్డ్ డిస్క్ పీకి ఇందులో బిగించాలి. అక్షరాలన్నీ మళ్ళీ ఎక్కించాలి. రెండు గంటలు పడుతుంది."

రెండు గంటలు లేవని గదిలో ఉన్న అందరికీ తెలుసు. పెద్దాయన కేలండరు మీద రాసి ఉన్న ఫోను నంబరు వైపు చూశాడు. పొద్దుటి నుంచి అందరూ అటే చూస్తున్నారని అప్పుడు నాకు తెలిసింది.

"అమ్మగారికి ఒక్క ఫోను కొట్టకూడదా చినబాబూ?"

నంబరు తిప్పాను. పక్కింటివాళ్ళు ఎత్తారు. పిలుస్తామని రిసీవరు పక్కన పెట్టారు. అవతల మైకులో పాట, పిల్లల అరుపులు, వంటపాత్రల మోత. గోడ గడియారంలో ముల్లు కదలటం చూస్తూ నిలబడ్డాను. ఎంతకీ ఎవరూ రాలేదు. చివరకు పరుగెత్తుకొచ్చిన ఊపిరి వినపడింది.

"ఏమండీ, కాగితాలు ఇచ్చేశారా?"

"లేదు. సిస్టములు కనపడట్లేదు."

"పొద్దుటి నుంచా?" అని ఆగింది. పొద్దుటి నుంచి ఎందుకు ఫోను చేయలేదని అడగలేదు. "వేయగానే నా పేరుతో పెట్టె వస్తుంది కదా. అందులో ఏం నొక్కుతున్నారు?"

కొట్టతను నాకు మూరెడు దూరంలో ఉన్నాడు. పెద్దాయన గుమ్మంలో ఉన్నాడు. నేను గోడ వైపు తిరిగాను.

"క్యాన్సిల్."

అవతల పాట ఒక చరణం సాగింది.

"క్యాన్సిల్ అంటే సిస్టమ్ ఎక్కుతుంది కాని నెట్‌వర్క్‌లోకి రానివ్వదండీ. మీరు లోపలికి వెళ్ళలేదు, బయట కూర్చున్నారు."

"పాస్‌వర్డ్ ఏమిటి?"

"ఏమీ లేదు. ఖాళీయే. ఓకే నొక్కితే చాలు. వెంటనే కనపడకపోతే కంగారుపడి మళ్ళీ ఆపొద్దు. కాసేపు ఆగండి."

రిసీవరు పెట్టేశాను. తిరిగి చూస్తే కొట్టతను నా వంకే చూస్తున్నాడు. అతనికి అర్థమయింది. వెనక గదిలో అదే పెట్టెకు అతను ఓకే నొక్కి ఉంటాడు. అయినా ఏమీ అనలేదు. ఏదైనా అంటే నాకు తేలికయ్యేది.

"అడిగింది" అన్నాను. "నువ్వు అడిగినప్పుడు అబద్ధం చెప్పాను. ప్రతిసారీ అడిగింది. నేనే తోసేశాను."

అతను టోపీ తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "టైము పోతోంది. వేయండి సార్" అన్నాడు.

నేను కుర్చీలోంచి లేచాను. "నువ్వు కూర్చో" అన్నాను.

అతను తాత బల్ల ముందు కూర్చున్నాడు. పెట్టె వచ్చింది. నా భార్య పేరు, ఖాళీ గడి. ఓకే నొక్కాడు. లిస్టు తెరిచాడు. ఖాళీ. మూడు ఇరవై ఎనిమిది. నా చెయ్యి స్విచ్చి వైపు పోయింది. ఆగమన్నట్టు అతను వేలు చూపించాడు. ఆగాం. గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు. మెట్ల మీద వాళ్ళు కూడా తుమ్మటం మానేశారు. మళ్ళీ తెరిచాడు. ఖాళీ. మూడోసారి తెరిచినప్పుడు రెండు బొమ్మలు పక్కపక్కన ఉన్నాయి, ఆమెదీ నాదీ.

పెద్దాయన గుమ్మం పట్టుకుని అలాగే కింద కూర్చున్నాడు.

వెనక గదిలోకి పరుగెత్తి ప్రింటు నొక్కాను. ముందు గదిలో ప్రింటరు గొంతు సవరించుకున్నట్టు ఒకసారి గరగరలాడి మొదటి కాగితం తీసింది. నలభయ్యో పేజీ దగ్గర ఒక కాగితం ఇరుక్కుంది. కొట్టతను వేడి రోలరు మీదే వేళ్ళు పెట్టి లాగాడు. చివరి పేజీ వచ్చేసరికి నాలుగింటికి ఇంకా నాలుగు నిమిషాలుంది. దారం వేసి కుడుతుండగా ఫ్యాను ఆగిపోయింది.

ఆటోలో నేను, పెద్దాయన, ఒళ్ళో కాగితాలు. నకళ్ళు తీయించి ఫోరం ఆఫీసుకు వెళ్ళేసరికి నాలుగూ నలభై దాటింది. వకీలుగారు వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నారు. సంతకాలు చేసి, కౌంటరులో ఇచ్చి రమ్మని నాకే అందించారు. కిటికీ అవతల గుమాస్తా కాగితాలు ఒక్కొక్కటే తిప్పాడు. పుస్తకం ముందుకు లాక్కున్నాడు.

"ఎవరండీ మీరు? రైతా?"

పెద్దాయన నా కంటే ముందు అందుకున్నాడు. "రైతా? ఈయనెవరనుకున్నావయ్యా, మా ఊళ్ళో పత్తి మిల్లు..."

నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను.

"కాను" అన్నాను గుమాస్తాతో. "ఇవి టైపు చేసింది మా ఆవిడ. నేను పట్టుకొచ్చాను."

"సరే. తెచ్చినవాళ్ళ పేరు రాసుకోవాలి. పేరు చెప్పండి."

చెప్పాను. అతను తలెత్తకుండా రాసుకుని, ముద్ర వేశాడు.